గొంతు తగ్గించి గెలిచిన గాయకుడు – జిమ్ రీవ్స్

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను డి.ఏ. బకాయిల గురించో, పే రివిజన్ గురించో రాస్తాననుకుని ఉంటారు. ఆ విషయాలు నాకంటే బాగా రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను ఈసారి ఒక అమెరికా పాటగాడి కథ రాస్తున్నాను. ట్రెజరీలో బిల్లులు పాస్ చేసుకుంటూ బతికిన మనిషికి ఇంగ్లీషు పాటలతో ఏమిటి పని అనుకోకండి. ముందు చదవండి, తిట్టేది తర్వాత తిడుదురుగాని.

ఈ కథ రాయాలనిపించడానికి కారణం నా చెవులు. రెండేళ్ళుగా వినికిడి తగ్గింది. మనవరాలు ఏదో అంటుంది, పెదవులు కదలడం కనిపిస్తుంది, మాట మాత్రం అందదు. కోడలు గట్టిగా అరిచి చెప్పినా చప్పుడు పెరుగుతుందే గాని మాట తెలియదు. చెవి డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళారు. వయసు మీద పడ్డాక సన్నని ధ్వనులు ముందు పోతాయట, మంద్రంగా ఉండేవి ఎక్కువ కాలం నిలుస్తాయట. "అరవకండి, గొంతు తగ్గించి, దగ్గరగా, ఒక్కొక్క మాటా విడిగా పలకండి" అని ఆయన మా వాళ్ళకు చెప్పారు. ఆ మాట వినగానే నాకు జిమ్ రీవ్స్ గుర్తుకొచ్చాడు. ఆయన అరవై ఏళ్ళ కిందట సరిగ్గా ఆ పనే చేశాడు.

మా నాన్నగారు గుంతకల్లు లోకో షెడ్డులో పనిచేసేవారు. రైల్వే కాలనీలో మా క్వార్టర్సుకు రెండిళ్ళ అవతల ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉండేది. ఆయన మెయిలు బండి డ్రైవరు. పిల్లలమంతా అంకుల్, ఆంటీ అని పిలిచేవాళ్ళం. మా అమ్మ మాత్రం ఆంటీని ఎప్పుడూ "దొరసానమ్మా" అనేది, ఆమె నవ్వేది. వాళ్ళ ముందు గదిలో పెద్ద వాల్వు రేడియో ఉండేది. ఆ రోజుల్లో రేడియో ఉంటే ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. మా ఇంట్లో లైసెన్సూ లేదు, రేడియో అంతకన్నా లేదు. కాబట్టి సాయంత్రమైతే వాళ్ళ మెట్ల మీద నా మకాం. వాళ్ళు సిలోన్ స్టేషన్ ఇంగ్లీషు కార్యక్రమం పెట్టేవారు.

నాది తెలుగు మీడియం. గ్రామరు బట్టీ పట్టాను గాని ఇంగ్లీషు వినడం అలవాటు లేదు. ఆ పాటలన్నీ నాకు ఇంజను ఆవిరి వదిలినట్టు వినిపించేవి. ఒక్క గొంతు మాత్రం వేరు. అది వచ్చినప్పుడు మాటలు విడివిడిగా వినపడేవి. అర్థం తెలియకపోయినా ఎక్కడ ఒక మాట ముగిసి ఇంకొకటి మొదలైందో తెలిసేది. ఎవరు ఆంటీ ఈయన అని అడిగితే "జెంటిల్మన్ జిమ్" అన్నది ఆమె. ఇంటిపేరు ఆ మరుసటి వారమో ఎప్పుడో తెలిసింది.

1964 మే 27న నెహ్రూ గారు పోయినప్పుడు కాలనీ అంతా ఏడ్చింది. అదే ఏడు ఆగస్టు మొదటి వారంలో ఆంటీ ఒక్కతే ఏడ్చింది. జిమ్ రీవ్స్ విమాన ప్రమాదంలో పోయాడు. నాకప్పుడు పదిహేనేళ్ళు. ముఖం ఎరుగని పాటగాడి కోసం ఒక పెద్దావిడ అలా ఏడవడం వింతగా తోచింది. ఆయన గురించి తెలుసుకోవాలని అప్పుడే అనుకున్నాను గాని, కుదిరింది మాత్రం ఉద్యోగం, పిల్లల పెళ్ళిళ్ళు అన్నీ అయి రిటైరయ్యాకే.

జేమ్స్ ట్రావిస్ రీవ్స్ 1923 ఆగస్టు 20న అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం తూర్పు భాగాన, పనోలా కౌంటీలోని గాలొవే అనే పల్లెలో పుట్టాడు. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. వ్యవసాయ కుటుంబం, ఇంటినిండా పిల్లలు. అందరిలోకీ చిన్నవాడైన జిమ్ పసికందుగా ఉండగానే తండ్రి పోయాడు. తల్లి బ్యూలా పొలం పని చేసి పిల్లలను సాకింది. చిన్నప్పుడు ఆయనకు ఆదర్శం జిమ్మీ రోడ్జర్స్. ఈ రోడ్జర్స్ మనవాడే అనవచ్చు, రైల్వేలో బ్రేక్‌మన్‌గా పనిచేసి పాటగాడైనవాడు. క్షయ వ్యాధితో 1933లో పోయాడు. అమెరికా వాళ్ళు "కంట్రీ మ్యూజిక్" అనే సంగీతానికి మొదటి పెద్ద పేరు ఆయనదే.

కంట్రీ మ్యూజిక్ అంటే దక్షిణాది అమెరికా పల్లెజనం పాట. బ్రిటిష్ దీవుల నుంచి వలస వచ్చినవాళ్ళ కథాగేయాలు, నల్లజాతి వాళ్ళ బ్లూస్ కలగలిసి పుట్టింది. ఫిడేలు, బాంజో, గిటారు దానికి పక్కవాద్యాలు. టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ పట్నం నుంచి 1925లో మొదలైన "గ్రాండ్ ఓల్ ఆప్రీ" అనే శనివారం రాత్రి రేడియో కార్యక్రమం దీన్ని ఇంటింటికీ చేర్చింది. మనకు రేడియోలో జానపద గేయాలు వచ్చినట్టే. కాకపోతే అక్కడ అది పెద్ద వ్యాపారమయింది.

జిమ్ మొదట పాటగాడు కావాలనుకోలేదు. ఆటగాడు. బేస్‌బాల్‌లో పిచరు, అంటే క్రికెట్లో మన బౌలరు లాంటివాడు. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చినా కొన్ని వారాలకే వదిలేసి, యుద్ధకాలం కాబట్టి హ్యూస్టన్‌లో ఓడలు కట్టే చోట పనికి వెళ్ళాడు. 1944లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ వాళ్ళు తమ కింది తరగతి జట్లలోకి తీసుకున్నారు. మూడేళ్ళు ఆడాడు. బంతి విసరడంలో తుంటి నుంచి కాలికి దిగే నరం దెబ్బతిని 1947లో ఆట మూతపడింది. ఆ ఏడే మేరీ వైట్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళ వయసు, కొత్త కాపురం, చేతిలో పని లేదు.

అప్పుడు దొరికిన పని రేడియో అనౌన్సరు. హెండర్సన్ అనే ఊళ్ళో చిన్న స్టేషన్. తర్వాత లూసియానా రాష్ట్రంలో శ్రీవ్‌పోర్ట్ స్టేషన్‌కు వచ్చాడు. అక్కడ "లూసియానా హేరైడ్" అనే పాటల కార్యక్రమానికి వ్యాఖ్యాత. ఒక రాత్రి రావలసిన గాయకుడు రాకపోతే అనౌన్సరే గిటారు పట్టుకుని పాడాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఎలా మొదలైతేనేం, 1953లో "మెక్సికన్ జో" అనే పాట కంట్రీ పాటల జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళింది. మరుసటి ఏడు "బింబో" కూడా అలాగే వెళ్ళింది. 1955లో ఆర్.సి.ఏ. విక్టర్ అనే పెద్ద కంపెనీ ఆయనతో ఒప్పందం రాసుకుంది, గ్రాండ్ ఓల్ ఆప్రీలో సభ్యత్వం వచ్చింది.

ఆ తొలి పాటలు ఈ మధ్య నా మనవడు సెల్‌ఫోన్లో పెట్టి వినిపించాడు. నేను గుర్తుపట్టలేదు. గట్టిగా, హుషారుగా, పై స్థాయిలో, సంతలో సరుకు అమ్మినట్టు పాడాడు. అప్పట్లో కంట్రీ గాయకులందరి పద్ధతీ అదే. అలాగే పాడుతూ పోయి ఉంటే గుంతకల్లు దాకా వచ్చేవాడు కాదని నా అభిప్రాయం.

1957లో మారాడు. "ఫోర్ వాల్స్" అనే పాట ఆయన చేతికి వచ్చింది. నాలుగు గోడల మధ్య ఒంటరిగా ఎదురుచూసే మనిషి పాట అది. అసలు ఆడగాయని పాడటానికి ఉద్దేశించి రాసింది. నేనే పాడతానని జిమ్ పట్టుబట్టాడు. పైగా గొంతు తగ్గించి, శ్రుతి దించి, పెదవులు మైకుకు తాకేంత దగ్గరగా పెట్టుకుని పాడతానన్నాడు. కంపెనీ వాళ్ళకు నచ్చలేదు. అమ్ముడుపోతున్న పద్ధతిని చేతులారా వదులుకోవడం ఏ కంపెనీకి నచ్చుతుంది? నిర్మాత చెట్ ఆట్కిన్స్ ఒక్కడే వెనక నిలబడ్డాడు. ఈయన స్వయంగా గొప్ప గిటారు విద్వాంసుడు. ఆ పాట కంట్రీ జాబితాలో మొదటిదయింది, పట్నాల వాళ్ళు వినే పాప్ జాబితాలో పదకొండో స్థానం దాకా వెళ్ళింది.

ఇందులో ఉన్న మెలకువ మన వాళ్ళకు తెలియనిది కాదు. మన నాటకాల వాళ్ళు మైకు లేని రోజుల్లో హార్మోనియం మీద శ్రుతి పెంచి, చివరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి కూడా వినపడేలా పద్యం ఎత్తుకునేవారు. "వన్స్ మోర్" అంటే మళ్ళీ ఎత్తుకునేవారు. మైకు వచ్చాక కూడా చాలామంది దాని ముందు అలాగే అరిచారు. ఘంటసాల గారు అలా కాదు, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి చెప్పుకున్నట్టు పాడటానికి మైకు పనికొస్తుందని గ్రహించారు. ఆయన పుట్టింది 1922 డిసెంబరులో, జిమ్ రీవ్స్ కంటే ఎనిమిది నెలలు పెద్ద. ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశం లేదు, అయినా ఇద్దరూ దాదాపు ఒకే కాలంలో మైకుతో ఒకే రకం స్నేహం చేశారు. నాకు సంగీతం రాదు, పొరపాటైతే విద్వాంసులు మన్నించాలి.

జిమ్‌కు ఇంకో లాభం ఉంది. ఆయన అనౌన్సరు. వార్త చదివేవాడు మాట మింగితే ఉద్యోగం పోతుంది. ఆ అలవాటు పాటలోకి వచ్చింది. మెట్ల మీద కూర్చున్న నాకు మాటలు విడివిడిగా వినపడింది అందుకే.

నాష్‌విల్‌లో అప్పుడు పెద్ద మార్పే జరుగుతోంది. ఎల్విస్ ప్రెస్లీ రాక్ అండ్ రోల్ దెబ్బకు పల్లె పాటల రికార్డులు అమ్ముడుపోవడం తగ్గింది. చెట్ ఆట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ వంటివాళ్ళు ఫిడేలునీ స్టీల్ గిటారునీ వెనక్కి నెట్టి, వయొలిన్ల బృందాన్నీ మెత్తని కోరస్‌నీ ముందుకు తెచ్చారు. దీన్నే "నాష్‌విల్ సౌండ్" అన్నారు. పల్లె పాటకు సూటు తొడిగారని పాతకాలం వాళ్ళు గొణిగారు. వాళ్ళ బాధలో న్యాయం లేకపోలేదు. కానీ ఆ సూటు అతికినట్టు సరిపోయింది జిమ్ రీవ్స్‌కే.

ఇక అసలు పాటకు వస్తాను. "హీల్ హ్యావ్ టు గో". 1959 చివర విడుదలయింది. రికార్డుకు వెనక వైపున వేశారు, ముందు వైపు పాట వేరే. రేడియో వాళ్ళు రికార్డు తిప్పి ఇదే వేయడం మొదలుపెట్టారు. 1960లో పద్నాలుగు వారాలు కంట్రీ జాబితాలో మొదటి స్థానం, పాప్ జాబితాలో రెండో స్థానం. సారాయి దుకాణంలోని టెలిఫోను దగ్గర నిలబడి ఒకడు తన ప్రియురాలితో మాట్లాడుతుంటాడు. అవతల ఆమె ఇంట్లో వేరొకడు ఉన్నాడు. వాడిని పంపేస్తావా లేదా తేల్చుకోమంటాడు, అంతే కథ. కోపం లేదు, కేక లేదు. రాసినవాళ్ళు జో ఆలిసన్, ఆడ్రీ ఆలిసన్ దంపతులు. ఆమెది చాలా మెల్లని గొంతు. ఫోన్లో మాట్లాడేటప్పుడు నోరు ఫోనుకు దగ్గరగా పెట్టుకో అని భర్త అనవలసి వచ్చేదట, పాట అందులోంచి పుట్టింది. దీనికి ఆ అమ్మాయి తరఫున జవాబుగా జీన్ బ్లాక్ అనే గాయని అదే ఏడు ఇంకో పాట పాడితే అదీ బాగా అమ్ముడుపోయింది. మన జంట పద్యాలలాగే.

ఈ పాట అర్థం తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది. నేను 1970లలో పనిచేసిన ఆఫీసులో ఒకే ఒక్క ఫోను, అదీ ఆఫీసరు గారి బల్ల మీద. ట్రంక్ కాల్ బుక్ చేసి గంటల తరబడి కూర్చుని, లైను దొరకగానే ఆయన "హలో హలో" అని కేకపెడితే వీధిలో రిక్షావాడు తిరిగి చూసేవాడు. ఫోన్లో గుసగుసలాడటం అనేది మాకు ఊహకు అందని వైభవం.

కేకలంటే ఒక సంగతి చెప్పాలి, ఎవరికీ చెప్పనిది. సర్వీసులో కొన్నేళ్ళు నేను పెన్షన్ కౌంటరులో ఉన్నాను. ఏ ఊరో, ఏ ఆఫీసో అనవసరం. ఒక ముసలాయన లైఫ్ సర్టిఫికెట్ తెచ్చాడు, ఒక సంతకం తక్కువ. చెప్పాను, వినపడలేదు. ఇంకోసారి చెప్పాను. మూడోసారి అరిచాను. వరసలో ఉన్నవాళ్ళంతా ఆయన్నే చూశారు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు కొడుకు వచ్చి సంతకం చేయించిన కాగితం ఇచ్చి వెళ్ళాడు. పని అయింది, ఫైలు కదిలింది. కానీ ఆ డాక్టరు గారు మా కోడలికి "అరవకండి" అన్నప్పుడు నేను తలెత్తలేకపోయాను.

మళ్ళీ కథలోకి వస్తాను. 1962లో జిమ్ దక్షిణాఫ్రికా వెళ్ళాడు. అక్కడ ఆయనకు పట్టిన నీరాజనం చూసి, అక్కడి ఆఫ్రికాన్స్ భాషలోనే పాటలు రికార్డు చేశాడు. భాష రాదు, ఉచ్చారణ నేర్చుకుని పాడాడు. మహమ్మద్ రఫీ మనకు తెలుగులో పాడినట్టు. అక్కడే "కింబర్లీ జిమ్" అనే సినిమాలో నటించాడు. 1963లో ఐర్లండులో ఊరూరా తిరిగాడు. ఆ దేశంలో ఇప్పటికీ కంట్రీ పాటలంటే పడిచస్తారు, అందులో ఈయన వాటా పెద్దది. అయితే అక్కడి హాళ్ళలో పియానోలు శ్రుతిలో లేవని చాలా విసుక్కున్నాడు. పేరు జెంటిల్మన్ జిమ్ అయినా శ్రుతి దగ్గర మాత్రం నిక్కచ్చి మనిషి. 1964లో బీటిల్స్ ఊపేస్తున్న ఇంగ్లండులో ఆయన పాటలు రెండు మొదటి ఐదు స్థానాల్లోకి వచ్చాయి. నార్వేలో, సిలోనులో, మన దేశంలో రైల్వే కాలనీల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో వినేవాళ్ళు వింటూనే ఉన్నారు. వీళ్ళలో చాలామందికి ఇంగ్లీషు ఇంటి భాష కాదు.

1964 జులై 31, శుక్రవారం. స్థలాల వ్యాపారం పని మీద ఆర్కన్సాస్ రాష్ట్రంలోని బేట్స్‌విల్ వెళ్ళి, సొంత చిన్న విమానంలో నాష్‌విల్‌కు తిరిగి వస్తున్నాడు. నడుపుతున్నది తనే. పక్కన ఆయన బృందంలో పియానో వాయించే డీన్ మాన్యుయెల్. ఊరు దగ్గరపడ్డాక ఉరుములు మెరుపులతో గాలివాన పట్టుకుంది. బ్రెంట్‌వుడ్ దగ్గర చెట్ల మధ్య విమానం కూలింది. వందల మంది వెతికారు, సాటి గాయకులు కూడా అడవిలో తిరిగారు. దాదాపు 42 గంటల తర్వాత, ఆదివారం నాడు కనిపెట్టారు. ఇద్దరూ లేరు. జిమ్‌కు నలభై ఒకటి నిండటానికి ఇరవై రోజులు తక్కువ. సొంత జిల్లాలో కార్తేజ్ పట్నం దగ్గర సమాధి చేశారు, అక్కడ ఆయన నిలువెత్తు విగ్రహం ఉంది.

మామూలుగా ఇక్కడ కథ అయిపోవాలి. అవలేదు, కారణం మేరీ. వాళ్ళకు పిల్లలు లేరు. భర్త వదిలి వెళ్ళిన టేపులు చాలా ఉన్నాయి. విడుదల కానివి, నమూనాకు పాడినవి. ఆమె వాటిని చిల్లరగా అమ్ముకోలేదు. కంపెనీతో మాట్లాడుకుని ఏడాది తర్వాత ఏడాది కొద్ది కొద్దిగా బయటికి వదిలింది. ఆయన పోయాక ఆరు పాటలు అమెరికా కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళాయంటే నమ్ముతారా? 1966లో "డిస్టెంట్ డ్రమ్స్" ఇంగ్లండులో ఐదు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అది కేవలం నమూనాగా పాడి పెట్టిన పాట, తర్వాత వాద్యాలు చేర్చారు. 1967లో ఆయనను కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. నాష్‌విల్‌లో ఆయన పేర మ్యూజియం కూడా ఆమె నడిపింది. 1999లో కన్నుమూసింది. మన ఫ్యామిలీ పెన్షనరు సోదరీమణులు కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం చూసిన నాకు, ఈమె పద్ధతిగా నడిచిన తీరు మీద గౌరవం ఉంది.

అన్నీ మంచి పనులే అనను. 1981లో ఆయన గొంతునూ, 1963లో మరో విమాన ప్రమాదంలో పోయిన పాట్సీ క్లైన్ గొంతునూ టేపుల మీద కలిపి యుగళగీతం చేసి అమ్మారు. బాగానే అమ్ముడైంది. నాకు మాత్రం సర్వీసు బుక్కులో ఇద్దరు చనిపోయినవాళ్ళ సంతకాలు పక్కపక్కన అంటించినట్టు అనిపించింది.

మా ఆంటీ వాళ్ళు 1960ల చివర ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. సామాను అమ్ముతూ రేడియో మాకిస్తానన్నారు. లైసెన్సుకు ప్రతి ఏడూ ఎక్కడ కడతామని నాన్నగారు వద్దన్నారు. క్రిస్మస్‌కు ఆ ఇంట్లో వినపడే జిమ్ రీవ్స్ పాటలు ఆ తర్వాత మా వీధిలో లేవు. ఆయన 1963లో క్రిస్మస్ పాటల రికార్డు ఒకటి చేశాడు. దేశంలో చాలా క్రైస్తవ ఇళ్ళలో అది లేకుండా డిసెంబరు గడవదు.

మొన్న డిసెంబరులో గుంతకల్లు నుంచి నా బాల్యమిత్రుడు ఫోన్ చేశాడు. తనూ రైల్వే పెన్షనరే. చర్చి దగ్గర నుంచి మాట్లాడుతున్నాడు. "విను" అని ఫోను స్పీకరు వైపు పెట్టాడు. గంటల మోత, పిల్లల గోల, నాకేదీ అందలేదు. కుడి చెవి నుంచి ఎడమ చెవికి మార్చుకున్నాను. కాసేపటికి గోల అడుగున ఆ గొంతు దొరికింది, మాట మాట విడివిడిగా. "వినపడిందా?" అని మిత్రుడు అరిచాడు. అరవొద్దు, వినపడుతోంది అన్నాను.